రజను లెక్క

నగ చేసే బల్లకు మరే చేతిపని బల్లకూ లేని షరతు ఒకటుంది: అక్కడ రాలిన పొడికి కూడా ధర ఉంటుంది. వడ్రంగి చిత్రిక పట్టిన పొట్టు పొయ్యిలోకి పోతుంది. కమ్మరి కొలిమిలో మిగిలిన చిట్టెం గోడ పక్కన కుప్పపడుతుంది. కంసాలి ఆకురాయి కింద రాలిన రజనును మాత్రం కుచ్చుతో ఊడ్చి, కాగితంలోకి ఎత్తి, మూత ఉన్న డబ్బాలో దాస్తారు. 22 క్యారెట్ల బంగారం ఒక ఘన సెంటీమీటరు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది. కంటికి ఆననంత పొడి కూడా త్రాసుకు ఆనుతుంది. అందుచేత ఈ బల్ల మీదికి వచ్చే ప్రతి పనిముట్టునూ మూడు ప్రశ్నలు అడగాల్సి ఉంటుంది. పని ఎంత శుభ్రంగా చేస్తుంది? చేస్తూ చేస్తూ ఎంత బంగారం తినేస్తుంది? తిన్నదాన్ని తిరిగి కక్కుతుందా? పనిముట్లు అమ్మే అంగళ్ళలో మొదటి ప్రశ్నకే జవాబు దొరుకుతుంది.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మేనమామ గోదావరి జిల్లాలో నేలమీద పీట వేసుకుని కాసులపేర్లు, గుండ్లు, నానుతాళ్ళు చేస్తూ వచ్చిన పాతకాలపు పనివాడు. మేనల్లుడు శిక్షణ సంస్థలో నేర్చుకుని, నగరంలో ఒక కార్ఖానాలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా బల్ల పెట్టుకోబోతున్నవాడు. అతని చీటీలో మొదటి మూడు పద్దులు హ్యాంగింగ్ మోటారు, లేజర్ వెల్డింగ్ మిషను, కరెంటు రోలింగ్ మిషను. మామ కాగితం ముట్టలేదు. ఆయన నోటితో చెప్పిన వరస రంపం, ఆకురాళ్ళు, ఊదుగొట్టం, కమ్మచ్చు, శ్రావణం, లక్క.

అల్లుడు: ముందు బల్ల సంగతి తేలుద్దాం మామయ్యా. నేనైతే ఎత్తు బల్లే చేయిస్తాను. కుర్చీలో కూర్చుంటే పని నా కళ్ళ ముందుకు రావాలి, నేను పని మీదికి వంగకూడదు. వంగి వంగి మీ నడుం ఏమైందో మీరే రోజూ చెబుతుంటారు.

మామ: నడుం సంగతి నిజమేరా. కానీ నేల మీద కూర్చున్నవాడికి మూడో చెయ్యి ఉంటుంది. తీగ లాగేటప్పుడు కమ్మచ్చును పాదాలతో అదిమిపడతాను. పేట అల్లేటప్పుడు కాలి వేళ్ళ సందున కొస ఇరికిస్తాను. జారిన గుండు జానెడు ఎత్తు నుంచి ఒళ్ళో పరిచిన గుడ్డలో పడుతుంది. నీ బల్ల మీద నుంచి పడిందంటే బీరువా కిందికి దొర్లిపోతుంది.

అల్లుడు: దానికేగా జోలె ఉంది.

ఎత్తు బల్ల సుమారు 90 నుంచి 100 సెంటీమీటర్లు ఉంటుంది, భోజనాల బల్ల కన్నా బాగా ఎత్తు. ముందు అంచును అర్ధచంద్రాకారంలో కోస్తారు. పనివాడు ఆ గుంటలోకి ఒదిగి కూర్చుంటాడు, ముంజేతులు రెండు వైపులా ఆనుతాయి. గుంట కింద తోలు జోలె వేలాడుతుంది, లేదా రేకు సొరుగు బయటికి లాగి ఉంటుంది. రాలిందంతా అందులోకే చేరాలి. గుంట నడుమ ముందుకు పొడుచుకు వచ్చిన కొయ్యనాలుకను బెంచ్ పిన్ అంటారు. దానికి ఒక ముఖం చదును, రెండోది వాలు. కొసన ఇంగ్లీషు వి అక్షరంలా గంటు. కోసేది, రాసేది, ఆనించేది అంతా దాని మీదే. ఫ్రెంచి చెక్కడపు కళాకారుడు ఎతియెన్ దెలోన్ 1576లో గీసిన కంసాలి దుకాణం బొమ్మల్లో కిటికీ పక్క బల్ల చుట్టూ పనివాళ్ళు కూర్చుని ఉంటారు, గోడలకు పట్టకార్లు, సుత్తులు, ఆకురాళ్ళు వేలాడుతుంటాయి. ఈనాటి పనివాడు ఆ గదిలోకి వెళ్ళినా ఏది ఎందుకో వెతుక్కోనక్కర్లేదు.

నేల పీటకు బెంచ్ పిన్ బిగించుకోవచ్చు, ఎత్తు బల్ల పక్కన కాళ్ళతో పని చేయలేరు. మామ వాదంలో బలం అక్కడుంది. మోకాళ్ళ వయసు వచ్చాక ఆ బలం తగ్గుతుంది.

మామ: సరే, ఎత్తు మీదే కూర్చో. రేకు కోయాలి. ఏం చేస్తావ్?

అల్లుడు: కత్తెరతో కోస్తాను. చప్పున అయిపోతుంది, రజనే రాలదు. మీ లెక్కకు అదే మంచిది కదా?

మామ: కత్తెరతో కోసిన అంచు చూశావా ఎప్పుడైనా? ఒక పక్క నొక్కుకుపోయి, రెండో పక్క లేచి ఉంటుంది. దాన్ని సాపు చేయడానికి ఆకురాయి ఎన్నిసార్లు ఆడిస్తావో లెక్కపెట్టు. టంకం ముక్కలు కోసుకోవడానికి కత్తెర చాలు. నగ అంచుకు రంపమే కావాలి.

రంపం ఎంత తింటుందో లెక్క కట్టవచ్చు. 2/0 నంబరు బ్లేడు మందం సుమారు 0.26 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు మందం రేకును పది సెంటీమీటర్ల పొడవునా కోస్తే 26 ఘన మిల్లీమీటర్ల లోహం పొడి అవుతుంది. 22 క్యారెట్ల బంగారంలో అది దగ్గర దగ్గర అర గ్రాము. 4/0 బ్లేడు మందం 0.22. అదే కోతకు 0.39 గ్రాములు. అంటే బ్లేడు రెండు నంబర్లు సన్నబడితే 70 మిల్లీగ్రాముల బంగారం పొడి కాకుండా రేకులోనే మిగులుతుంది. కంసాలి మీద లోకం కట్టిన సామెతలు చాలావరకు ఈ తరుగు దగ్గర పుట్టినవే. లెక్క తెలియని కొనుగోలుదారుకు పొడైపోయిన బంగారానికీ దొంగిలించిన బంగారానికీ తేడా కనబడదు.

అయితే బ్లేడు సన్నబడే కొద్దీ పుటుక్కుమంటుంది. కొత్తవాడు ఒక పూటలో డజను విరగ్గొట్టడం మామూలే. విరగడానికి కారణం చేతి బలం కాదు, చేతి వంకర. పళ్ళు బయటి వైపుకు, పిడి దిశగా కిందికి చూసేలా బ్లేడును పైమరలో బిగించాలి. రంపం చట్రాన్ని బల్ల అంచుకూ రొమ్ముకూ మధ్య పెట్టి కొద్దిగా నొక్కిపట్టి, ఆ నొక్కులోనే కింది మర బిగించాలి. వదిలేశాక గోటితో మీటితే తంబుర తీగలా ఖంగున పలకాలి. బొంగురుగా పలికిందంటే వదులుగా ఉన్నట్టే, మొదటి మలుపులోనే విరుగుతుంది. కోత ఎప్పుడూ కిందికి లాగేటప్పుడే పడుతుంది, పైకి వెళ్ళేటప్పుడు బరువు ఉండకూడదు. మూల తిప్పాలంటే ఉన్నచోటే పైకీ కిందికీ ఆడిస్తూ రేకును మెల్లగా తిప్పాలి. కాస్త తేనెమైనం రాస్తే నున్నగా జారుతుంది. రేకు మందంలో కనీసం రెండు పళ్ళు, వీలైతే మూడు పళ్ళు పట్టే బ్లేడు ఎంచుకోవాలి. అంతకన్నా ముతక పన్ను రేకు అంచుకు తగులుకుని ఆగిపోతుంది.

అల్లుడు ఈ విషయంలో వాదించలేదు. కార్ఖానాలో లేజరుతో కోసిన రేకులు వచ్చేవని మాత్రం అన్నాడు. వందల కొద్దీ ఒకే రకం చేసేవారికి అది కుదురుతుంది. ఒక్క నగ కోసం రేకును ఊరు దాటిస్తే మిగిలేది రవాణా ఖర్చుకే చాలదు.

ఆకురాళ్ళ దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట, కాబట్టి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. చదును ముఖం, అర్ధవృత్తం, మూడు పలకలు, ఎలుక తోక లాంటి గుండ్రటిది చాలు. ముతక ఒకటి, నడిరకం ఒకటి, సన్నం ఒకటి ఉండాలి. ఆకురాయి ముందుకు వెళ్ళేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఒత్తితే పళ్ళు అరగడం తప్ప ప్రయోజనం లేదు. సుద్దముక్క రుద్ది పెట్టుకుంటే పళ్ళ సందుల్లో బంగారం ఇరుక్కోదు. బంగారానికి వాడినదాన్ని వెండికి వాడకూడదు, రజను కలిసిపోతుంది. సీసం తగిలిన ఆకురాయి అసలు ఆ బల్ల మీదే ఉండకూడదు. నలుసంత సీసం నగకు అంటుకుని మంటలోకి వెళ్ళిందంటే ఆ చోట లోహాన్ని తినేసి గుంట చేస్తుంది, కొన్నిసార్లు బెజ్జమే పడుతుంది. ఆ గుంటను తర్వాత ఎంత రాసినా పోదు.

అసలు పేచీ మంట దగ్గర వచ్చింది.

అల్లుడు: ఊదుగొట్టం మాత్రం నా బల్ల మీదికి రాదు మామయ్యా.

మామ: ఎందుకురా? మీ తాత దానితోనే పెళ్ళిళ్ళ నగలన్నీ చేశాడు. పెదాల మధ్య పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ. ఒక చేత శ్రావణం, ఇంకో చేత నగ. మంట నా ఊపిరి చెప్పినట్టు వింటుంది. గొలుసు కడియం అతకాలంటే జొన్నగింజంత మంట చాలు, పట్టీకి అతకాలంటే బుగ్గలు పూరించి ఊదితే వేలంత మంట వస్తుంది. నీ గ్యాసుకు మర తిప్పి తిప్పి సర్దుకునేలోపు నా గొలుసు సగం అయిపోతుంది.

అల్లుడు: ఆ ఊపిరి సంగతే నేనూ చెప్పేది. ఊదినవాడు మళ్ళీ పీల్చాలి కదా. పని మీద ముఖం పెట్టి పీల్చేది గాలొక్కటే కాదు.

ఊదుగొట్టం నోటి వైపు లావుగా, కొస వైపు సన్నగా వంగి ఉండే ఇత్తడి గొట్టం. దీపం లేదా బొగ్గు నిప్పు మీదుగా గాలి తోస్తే మంట సూదిలా ఒక పక్కకు సాగుతుంది. ముక్కుతో పీలుస్తూ బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ ఉంటే ఎడతెగకుండా ఊదవచ్చు. అది పట్టుబడటానికి నెలలు పడుతుంది. మంటలో లోపలి నీలిరంగు మొన, దాని చుట్టూ లేతరంగు పొర కనిపిస్తాయి. అన్నిటికన్నా వేడి ఉండేది లోపలి మొనకు కొంచెం అవతల. నగను ఆ మొన లోపలికి దూర్చేవాడికి టంకం ఎందుకు కరగడం లేదో అర్థం కాదు.

టంకం కూడా బంగారపు మిశ్రమమే. రాగి, వెండి వంటివి కలిపి నగ కన్నా తక్కువ వేడికి కరిగేలా చేస్తారు. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి 1085, వెండి 962. మూడూ తగుపాళ్ళలో కలిస్తే ఏ ఒక్కదానికన్నా ముందే కరుగుతాయి. దాంతో ఒక చిక్కు వచ్చింది. అతుకులు ఎక్కువున్న గొలుసును కరిగించి చూస్తే 22 క్యారెట్లకు తగ్గేది, ఎందుకంటే టంకంలో బంగారం తక్కువ. దానికి కనిపెట్టిన ఉపాయమే కాడ్మియం టంకం. 92 పాళ్ళు బంగారంలో 8 పాళ్ళు కాడ్మియం కలిపితే అతుకు కూడా నగంత మేలిమిగా ఉంటూ తేలిగ్గా కరుగుతుంది. అంగడి బోర్డుల మీద కేడీఎం అన్న మూడు అక్షరాలు అక్కడివే. కొన్నవాళ్ళు దాన్ని మేలిమికి గుర్తు అనుకున్నారు, నిజానికి అది అతుకు పేరు.

కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. అతుకు చోట పూసే వెలిగారం కరిగేది 743 డిగ్రీల దగ్గర. అంటే వెలిగారం గాజులా పరుచుకుని అతుకు సిద్ధమయ్యే వేడికి దగ్గరలోనే కాడ్మియం ఆవిరి లేస్తుంది. గోధుమరంగు పొగగా మారి ముక్కు కిందే తేలుతుంది. ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీసే విషం అది. ఆ పొగను గజం దూరం నుంచి కాకుండా జానెడు దూరం నుంచి పీల్చేలా చేసిన పనిముట్టు ఊదుగొట్టం. ఇక్కడ అల్లుడి మాటే నెగ్గాలి. కాడ్మియం లేని టంకం వాడినా సరే, పొగ అంతటి దగ్గర్లో ముఖం పెట్టక్కర్లేదు. కాలి తిత్తితోనో చిన్న మోటారుతోనో గాలి వచ్చే గ్యాసు మంట, పక్కన పొగ లాగే పంకా ఉంటే సరిపోతుంది. ప్లాటినం చేసేవారికి ఆక్సిజన్ తప్పదు, ఆ లోహం 1768 డిగ్రీలకు గానీ కరగదు.

నగ మేలిమిని ధ్రువీకరించే హాల్‌మార్కింగ్ 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. అది తప్పనిసరైన చోట 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గుర్తు లేని బంగారు నగ అంగట్లో అమ్మకూడదు. 22 క్యారెట్ల నగ మీద 916 అని పడుతుంది. అతుకుల లెక్క ఇప్పుడు పనివాడి మనస్సాక్షితో తేలదు, పరీక్ష కేంద్రంలో తేలుతుంది.

మామ: పొగ మాట ఒప్పుకున్నాను. మంట పట్టడం మాత్రం నీ మిషను నేర్పదు. నువ్వు పెట్టిన కమ్మల అతుకు చూశాను. టంకం ఉండలా ఒక పక్కన నిలబడిపోయింది.

అల్లుడు: టంకం ముక్క మీదే మంట పెట్టానుగా, కరిగింది.

మామ: కరిగింది, పోలేదు. టంకం వేడి ఎటుంటే అటు పరిగెడుతుంది. నగంతా కాలిన తర్వాత అదే సందులోకి దూకుతుంది. రెండు ముక్కల్లో లావుపాటిదాన్ని ముందు కాల్చాలి. ఇంకొకటి, సందులోంచి వెలుగు కనబడితే ఆ అతుకు పెట్టకు, మళ్ళీ ఆకురాయి పట్టు. టంకం సందు పూడ్చే మట్టి కాదు.

వెలిగారానికి కూడా ఒక మర్యాద ఉంది. పొడి అలాగే చల్లితే అందులోని నీరు ఆవిరై పేలాల్లా పొంగి, అమర్చిన టంకం ముక్కలను పక్కకు తోసేస్తుంది. రాతి మీద నీటితో అరగదీసిన వెలిగారాన్ని కుంచెతో పూసి, మంటను దూరం నుంచి మెల్లగా తెస్తే ఆ గొడవ ఉండదు.

లేజరు మిషను గురించి అల్లుడు చెప్పిన కారణం బలమైనది. అది టంకం లేకుండా అదే లోహంతో అతుకుతుంది. వేడి చుక్కంత చోట్లోనే ఉంటుంది కాబట్టి ముత్యం, పగడం, పచ్చ పక్కనే అతికినా రాయి చెడదు. మామ చేసేది వేరు. రాయి ఉన్న భాగాన్ని తడిగుడ్డలో చుట్టడమో పచ్చి బంగాళాదుంపలో గుచ్చడమో చేసి, బయట ఉన్న భాగాన్ని కాలుస్తాడు. దుంప బుసబుసలాడుతుంది, రాయి చల్లగా ఉంటుంది. ముత్యం దగ్గర అది నమ్మకమైన పద్ధతి కాదని ఆయనకూ తెలుసు. మరోవైపు వెండి లేజరును వెనక్కి కొట్టేస్తుంది, వేడిని చటుక్కున పక్కకు పారించేస్తుంది. నల్ల మార్కరు కలంతో అతుకు చోట గీసి పని నడుపుతారు. మరమ్మతులు ఎక్కువ వచ్చే దుకాణానికి లేజరు పనికొస్తుంది. మొదటి ఏడాది బల్లకు అది అప్పు కిందే లెక్క. ఈ తీర్పు అల్లుడికి రుచించలేదు.

మంట తర్వాత పులుపు. కాలిన నగ మీద నల్లటి చారలు పోవడానికి పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం, లేదా చింతపండు రసం, పటిక నీళ్ళు. ఇందులోంచి నగను ఇనప పట్టకారుతో తీయకూడదు. ద్రవంలో కరిగి ఉన్న రాగి ఇనుము తగలగానే బయటికి వచ్చి నగకు పూతలా పట్టేస్తుంది. వెండి కడియం పెట్టి గులాబీరంగు కడియం తీసినవారు చాలామందే ఉన్నారు. రాగి పట్టకారు, లేదా ప్లాస్టిక్‌ది వాడాలి.

అల్లుడు: తీగ సంగతికి వద్దాం. రోలింగ్ మిషనులో చదరపు గాళ్ళున్నాయి. కమ్మచ్చు దేనికి?

మామ: గాళ్ళ తీగ పలకలుగా వస్తుంది. గుండ్రంగా కావాలంటే కమ్మచ్చులోకి రావాల్సిందే. కొసను ఆకురాయితో చెక్కి, బెజ్జంలో దూర్చి, మైనం పట్టించి, ఒక్క ఊపున లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ మచ్చ పడుతుంది.

కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే బెజ్జాల ఉక్కు పలక. ఒక్కో బెజ్జంలోంచి లాగినప్పుడల్లా తీగ సన్నబడి పొడవు పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల తీగ పది సెంటీమీటర్లు ఒక మిల్లీమీటరుకు దిగేసరికి నలభై సెంటీమీటర్లు అవుతుంది. రజను సున్నా. రోలింగ్ మిషను కూడా అలాంటిదే. ఈ బల్ల మీద ఏమీ తినకుండా పని చేసే పనిముట్లలో ఇవీ, సుత్తీ ఉన్నాయి. కొత్త కమ్మచ్చుల్లో బెజ్జాలకు టంగ్‌స్టన్ కార్బైడ్ కూర్చుతారు. అవి అంత తేలిగ్గా అరగవు, కాబట్టి తీగ కొలత దాదాపు మారదు. పాత ఉక్కు కమ్మచ్చు బెజ్జాలు ఏళ్ళు గడిచేసరికి పెద్దవవుతాయి, తీగ అనుకున్నదానికన్నా లావుగా వస్తుంది. మామకు ఆయన కమ్మచ్చులో ఏ బెజ్జం ఎంత అబద్ధమాడుతుందో కంఠస్థం. అది ఆయనతో పోయే విద్య, అల్లుడు కార్బైడ్ కొనుక్కోవడమే మేలు.

రెండు మూడు బెజ్జాలకు ఒకసారి తీగ బిరుసెక్కుతుంది, కాల్చి మెత్తబరచాలి. 925 వెండికి సుమారు 650 డిగ్రీలు. ఆ వేడికి వెండి మసక ఎరుపుగా కనిపిస్తుంది, కానీ పట్టపగటి వెలుతురులో ఆ ఎరుపు కనిపించదు. మామ కాల్చేచోట కిటికీ తలుపు మూసేది అందుకే. వెలుతురులో కాల్చేవాడు ఎరుపు కోసం చూస్తూ చూస్తూ తీగను కరిగించేస్తాడు. కరీంనగర్ వెండి నగిషీకి తీగే ప్రాణం. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెంట్రుకంత తీగలు రెండు పేని, అణచి, చట్రంలో మెలికలుగా కూర్చి, వెలిగారంతో కలిపిన టంకం పొడి చల్లి ఒక్క కాల్పులో అతుకుతారు. అక్కడ పనివాడి గొప్పంతా కమ్మచ్చులోనూ శ్రావణం మొనలోనూ ఉంటుంది.

సుత్తి విషయంలో నూరు కంసాలి దెబ్బలకు ఒక కమ్మరి దెబ్బ అన్న సామెత వినేవాళ్ళకు వెక్కిరింపుగా తోస్తుంది గానీ పని వర్ణనగా చూస్తే సరిగ్గానే ఉంది. చిన్నదెబ్బలు కావాలనే కొడతారు. రేకు చీలకుండా సాగాలి, సాగినచోట మందం సమంగా ఉండాలి. సుత్తి ముఖం అద్దంలా మెరవాలి. దాని మీద చిన్న గీత ఉన్నా ప్రతి దెబ్బతోనూ నగ మీద అచ్చవుతుంది. ఆ సుత్తితో మేకు కొట్టిన పిల్లవాడికి దుకాణంలో మర్యాద ఉండదు. దాగలికి రైలుపట్టా ముక్క చాలు, పైభాగం సానపట్టిస్తే. ఉంగరం గుండ్రం చేసే కడ్డీ మీద, కడియం తిప్పే దుంగ మీద ఉక్కు సుత్తి కాకుండా కొయ్యసుత్తి వాడాలి. ఆకారం మారుతుంది, మందం మారదు.

రాళ్ళు పొదిగే చోట ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు.

అల్లుడు: ఇక్కడ మాత్రం హ్యాంగింగ్ మోటారు లేకపోతే పని లేదు మామయ్యా. ఒక జత దిద్దుల్లో అరవై రాళ్ళు. ఒక్కో రాయికి గద్దె కోయాలి. రెండు మిల్లీమీటర్ల రాయికి మోటారు కొసన రెండు మిల్లీమీటర్ల బర్, అదే కోసే మొన, బిగిస్తే ఒక్క గుటకలో అన్నీ ఒకే లోతు. మీరు చెక్కే కలంతో కోస్తే రెండు రోజులు.

మామ: ఎన్ని చుట్లు తిరుగుతుంది అది?

అల్లుడు: నిమిషానికి 18 వేల దాకా.

మామ: దాన్లోంచి లేచే రజను ఎక్కడికి పోతుంది?

అల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెడలు మెల్లగా తొక్కితే అంత వేగం రాదని, బర్‌కు మైనం పట్టిస్తే పొడి ముద్దగా రాలుతుందని చెప్పాడు. రెండూ నిజమే. బర్ వేడెక్కితే మొద్దుబారుతుంది, మొద్దుబారినది కోయకుండా గీరుతుంది. వేగం ఎక్కువ పెట్టేవారే బర్‌లు ఎక్కువ కొంటారు. అయినా మోటారు విసిరే పొడి జోలె దాటి చొక్కా మీద, గోడ మీద, పనివాడి కనురెప్పల మీద పడుతుంది. చెక్కే కలం పద్ధతి వేరు. దాని మొన నుంచి బంగారం ఉంగరాలు తిరిగిన చిన్న చెక్కులుగా లేచి కిందనే పడుతుంది. శ్రావణంతో ఏరుకోవచ్చు. కలం పిడి అరచేతి గుంటలో ఇమిడి, మొన బొటనవేలికి కొంచెం అవతలికి రావాలి. పొడవెక్కువైతే జారి ఎడమచేతిలో దిగుతుంది. మొనను బొటనగోరు మీద ఆనించి చూస్తే జారకుండా గుచ్చుకోవాలి, అదే పదునుకు పరీక్ష.

నగను కదలకుండా పట్టేది లక్క. ఇటుకపొడి కలిపిన లక్కను కర్రకొసన ముద్ద చేసి, వెచ్చబెట్టి, నగను అందులో కూర్చుతారు. చల్లారితే రాయిలా పడుతుంది. ఉక్కు బిగింపులు నగను రెండు చోట్ల పట్టుకుంటే లక్క నగ అడుగంతటినీ పట్టుకుంటుంది, బోలు నగ లోపల చేరి సొట్ట పడకుండా కాస్తుంది. కుందనపు పనికి ఆధారం ఇదే. మేలిమి బంగారు రేకును రాయి చుట్టూ మొనతో నొక్కుతూ పోతే రేకు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మంట ఉండదు, టంకం ఉండదు. అంత మెత్తన, అంత శుభ్రం 24 క్యారెట్లకే ఉంది. కలిపిన బంగారంతో ఆ పని సాగదు. ఈ పనికి మోటారు ఎక్కడా అడ్డం రాదు, అవసరమూ లేదు.

దిద్దుల్లో అరవై రాళ్ళకు మోటారు, అంచులు సవరించడానికి కలం. ఈ రాజీ ఇద్దరిలో ఎవరూ నోటితో చెప్పలేదు, కానీ చాలా పొదుగుడు బల్లల మీద ఉన్నది అదే.

కన్నూ త్రాసూ గురించి వాదం నిమిషం నడిచింది. పాత లెక్కలో గురిగింజలు 96 అయితే తులం, అంటే 11.66 గ్రాములు. గింజ ఒకటి సుమారు 0.12 గ్రాములు. పది మిల్లీగ్రాముల తేడా చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ముందు గింజల లెక్క నిలబడదని మామే ముందు అన్నాడు. పదింతలు చూపే భూతద్దాన్ని ఒకసారి కన్నుకు పెట్టుకున్నాక ఆయన తన పాత అతుకుల గురించి ఏమీ మాట్లాడలేదు. ఒరగల్లును మాత్రం వదలనన్నాడు. ఎక్స్-రే మిషను నగ పైపొరనే చూస్తుంది, లోపల టంకం నింపి పైన పూత వేసినదాన్ని అది పట్టలేకపోవచ్చు. ఆకురాయితో ఒకచోట గీరి ఒరగల్లు మీద గీస్తే లోపలి రంగు బయటపడుతుంది. చివరి మాట ఎలాగూ కరిగించి తేల్చే పరీక్షదే.

మెరుగు దగ్గర లెక్క మళ్ళీ రజనుకు వస్తుంది. అకీకు రాయి మొన ఉన్న మెరుగుకోలతో రుద్దితే లోహం పైపొర అణగి మెరుస్తుంది, ఏమీ పోదు. కుంకుడు నురగతో తడిపి రుద్దాలి. బఫింగ్ మోటారు తొందరగా మెరిపిస్తుంది, మెరిపిస్తూ పైపొరను కోసి గుడ్డచక్రంలోకి, మైనంలోకి, గాలిలోకి పంపుతుంది. చుట్టూ పెట్టె, వెనక పొడి లాగే సంచీ లేకుండా దాన్ని కొనడం బంగారాన్ని వీధిలోకి ఊదడమే. అరిగిన గుడ్డచక్రాలను పారేయకూడదు, కాల్చి బూడిద దాచాలి. చేతులు కడిగిన నీళ్ళు కూడా కుండలో తేరుకోవాలి. పాత బంగారు వీధుల్లో మురుగుకాలవ మట్టిని కడిగి బతికిన కుటుంబాలు ఉన్నాయంటే ఆ నీళ్ళలో ఏం పోయేదో తెలుస్తుంది.

మామ: ఈ రజనంతా మూసలో పోసి కరిగించేస్తావా?

అల్లుడు: వెలిగారం, సూరేకారం వేసి కరిగిస్తాను. మట్టి, కొంత రాగి చిట్టెంలోకి పోతాయి.

మామ: రంపం బ్లేడు ముక్కలో?

విరిగిన బ్లేడు తునకలు, ఆకురాయి పళ్ళు, మొద్దుబారిన బర్ రవ్వలు రజనులో ఎప్పుడూ ఉంటాయి. ఉక్కు మూసలోకి వెళ్ళిందంటే బంగారంలో గట్టి నలుసులుగా మిగిలి, తర్వాత సాగదీసే రేకు అక్కడే చీలుతుంది. దాన్ని ముందే ఏరేయడానికి ఒక అయస్కాంతం చాలు. దానికి పలుచని కాగితం చుట్టి రజను మీద ఆడిస్తే ఉక్కు కాగితానికి అంటుకుంటుంది. అవతలికి తీసుకెళ్ళి అయస్కాంతాన్ని కాగితంలోంచి లాగేస్తే తునకలన్నీ రాలిపోతాయి. రెండు మూడు సార్లు ఆడించి, కాగితం మీద ఏమీ అంటనప్పుడు మూస పొయ్యెక్కించాలి. అల్లుడి చీటీలో అయస్కాంతం లేదు. మామ చెప్పిన వరసలోనూ లేదు. ఆయన పీట సొరుగులో ఒక మూల పాత రేడియో స్పీకరు అయస్కాంతం ఉంది, దాన్ని ఆయన పనిముట్టు కింద లెక్కపెట్టలేదు.